‘వెళ్లను’ అన్న పిల్ల మాట ముందు వినండి

ప్రశ్న: మాది తెనాలి. నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆఫీసులో పని చేస్తాను. మావారి ఉద్యోగం విజయవాడలో. పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. బాబుకు ఆరేళ్లు. సాయంత్రం నాలుగింటికి స్కూలు ఆటో దింపి వెళుతుంది. నేను ఇల్లు చేరేసరికి ఆరున్నర. అప్పటిదాకా ఇద్దరే ఉంటారు. తాళంచెవి పాప బ్యాగులో ఉంటుంది. ఇంటివాళ్లు కింద వాటాలోనే ఉంటారు. పోయిన నెల ఎవరో వచ్చి గ్యాస్ చెకింగ్ అంటే బాబు తలుపు తీసేశాడు. అతను నిజంగా గ్యాస్ మనిషేనట, వంటగది చూసి వెళ్లిపోయాడు. కానీ ఆ రోజు నుంచి ఆఫీసులో నాకు మనసు నిలవడం లేదు. పిల్లలకు జాగ్రత్తలు నేర్పుదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అంటూ ఇప్పట్నుంచే చెబితే లేనిపోని ఆలోచనలు వస్తాయని మా అత్తగారు అంటారు. ఆవిడ రేపల్లె దగ్గర ఊళ్లో ఉంటారు. అసలే పాప ఈ మధ్య మొండికేస్తోంది. రాత్రి ఏడింటికి పక్క వీధిలో లెక్కల ట్యూషన్‌కు వెళ్లనని రోజూ పేచీ, కడుపునొప్పి అని ఏడుపు. పిల్లల్ని భయపెట్టకుండా ఎలా నేర్పాలి? ఏ వయసు నుంచి నేర్పాలి?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు తలుపు గురించి అడిగారు. దానికి వస్తాను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నా చూపు ఆగిపోయింది చివర్లో రాసిన ట్యూషన్ సంగతి దగ్గర. ముందు దానికి జవాబు రాయనివ్వండి.

తొమ్మిదేళ్ల పిల్ల ఒక చోటికి వెళ్లనని రోజూ ఏడుస్తోందంటే, కడుపునొప్పి అంటోందంటే, దాన్ని మొండితనం కింద జమ కట్టేయకండి. కారణం చిన్నదే కావచ్చు. ఎక్కాలు రాకపోతే మాస్టారు అందరి ముందూ నిలబెడుతున్నారేమో. పక్కన కూర్చునే పిల్లలు వెక్కిరిస్తున్నారేమో. ఆ వీధి మొదట్లో కుక్కలున్నాయేమో, చీకటి పడ్డాక ఆ దారిన నడవాలంటే గుండె జారుతోందేమో. లేదా మనం ఎవరం వినకూడదనుకునే కారణమే కావచ్చు. ఏదన్నది మీకూ తెలియదు, నాకూ తెలియదు. కాబట్టి మాస్టారి మీద ఇప్పుడే ఏ అభిప్రాయానికీ రావద్దు. కానీ రేపట్నుంచి ట్యూషన్ మాన్పించండి. “కొన్నాళ్లు వద్దులే, ఇంట్లోనే చేసుకుందాం” అని మామూలుగా అనండి. నాలుగో తరగతి లెక్కలు ఒక నెల వెనకబడితే మునిగిపోయేదేమీ లేదు. తను ‘వెళ్లను’ అన్న మాటకు ఇంట్లో విలువ ఉందని ఆ పిల్లకు తెలియడం దానికంటే చాలా ముఖ్యం.

ఆ తర్వాత అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి, కళ్లలోకి చూస్తూ కోర్టులో అడిగినట్టు వద్దు. జడ వేస్తూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో, స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని వెళుతూనో అడగండి. పిల్లలు మన ముఖం కనబడనప్పుడే ఎక్కువ మాట్లాడతారు. “ట్యూషన్‌లో ఏం చేస్తారు మీరంతా? ఎవరు ఎక్కడ కూర్చుంటారు? నీకు అక్కడ నచ్చనిది ఏంటి?” ఇలా అడిగి ఊరుకోండి. “సార్ నిన్ను ఏమైనా చేశారా?” అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. పిల్ల బెదిరిపోయి లేదంటుంది, లేకపోతే మీ ముఖం చూసి అవునంటుంది. రెండిటి వల్లా నిజం తెలియదు. ఒక రోజు చెప్పకపోతే మరో రోజు అడగండి. మీకంటే పిన్నితోనో అత్తతోనో చనువెక్కువైతే ఆవిడని అడగమనండి.

చెప్పింది అనుకోండి. అది కుక్కల సంగతైనా, ఇంకేదైనా, మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట మీదే అంతా ఆధారపడి ఉంటుంది. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?” అనే మాట మింగేయండి. అది ప్రేమతోనే వస్తుంది, కానీ పిల్లకు వినబడేది తిట్టులా. “చెప్పి మంచి పని చేశావమ్మా. ఇందులో నీ తప్పేం లేదు. ఇక నేను చూసుకుంటాను” — ఈ మూడు మాటలు చాలు. ఏడుపు వస్తే బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడవండి. పిల్ల ఎదుట మీరు కూలబడితే, అమ్మను ఏడిపించానని ఇంకోసారి నోరు విప్పదు. “ఎవరికీ చెప్పను” అని ఒట్టు మాత్రం వేయకండి. అది నిలబెట్టుకోలేని ఒట్టు.

ఒకవేళ వినకూడని సంగతే అయితే, ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే చేతులు వణకవు. 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసమే ఉన్న నంబరు, ఏ వేళ చేసినా పలుకుతారు, ఖర్చు లేదు. అప్పటికప్పుడు పోలీసులు కావాలంటే 112. పిల్లలపై లైంగిక నేరాల కోసం ప్రత్యేకంగా చేసిన పోక్సో చట్టం 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకేలా వర్తిస్తుంది. స్టేషన్ల చుట్టూ తిరగాలని, పిల్ల పేరు బయటికొస్తుందని చాలామంది ఊరుకుంటారు. ఆ భయాలు చట్టం రాసినవాళ్లకూ తెలుసు. పిల్ల ఎలా జరిగిందో చెప్పే మాటలు ఇంటి దగ్గరే, లేదా పిల్లకు నచ్చిన చోటే తీసుకోవాలి. వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళ అయి ఉండాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. ఆడపిల్లను పరీక్షించేది మహిళా డాక్టరే, అదీ తల్లిదండ్రుల సమక్షంలో. పేరు, ఫొటో, స్కూలు పేరు పేపర్లో రాకూడదు. కోర్టులో నిందితుడు పిల్ల కళ్ల ముందు పడకుండా చూడాలి. జరిగింది తెలిసీ చెప్పకపోవడం ఈ చట్టం ప్రకారం నేరం. కాబట్టి పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేసుకుందామని ఎవరైనా అంటే వినకండి. జరిగి ఒకటి రెండు రోజులే అయితే ఆ బట్టలు ఉతకకుండా, అలాగే ఒక కాగితం సంచిలో పెట్టి ఉంచండి. అతని ఇంటి మీదికి గొడవకు వెళ్లడం, అందులోనూ పిల్లను వెంటబెట్టుకుని వెళ్లడం అసలు వద్దు.

ఇంత రాసినందుకు కంగారు పడకండి. కుక్కల సంగతే అయి ఉండాలని నేనూ కోరుకుంటున్నాను.

మీ అత్తగారి మాటకు వద్దాం. పిల్లల మనసు పాడవుతుందని ఆవిడ భయం. ఆ తరం పెద్దవాళ్లందరిదీ అదే భయం, అందులో ప్రేమే ఉంది. కానీ పిల్లలకు చెప్పకపోతే ఆలోచనలు రాకుండా ఆగవు, మాటలు మాత్రం ఉండవు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక నివేదిక వేసింది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అలా చెప్పినవాళ్లలో మగపిల్లలే కొంచెం ఎక్కువ. ఎక్కువమంది ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మగపిల్లాడికేం అని మీ బాబును వదిలేయవద్దని ఇది రాస్తున్నాను. ఇద్దరికీ ఒకేలా చెప్పండి, వీలైతే ఒకేసారి చెప్పండి.

ఏ వయసు నుంచి అన్నారు. మూడేళ్ల నుంచి, స్నానం చేయించేటప్పుడు. ముక్కు, చెవి, మోచేయి అని నేర్పినట్టే మిగతా భాగాలకూ ఒక పేరు నేర్పాలి. మీ ఇంట్లో ఏ మాట వాడతారో అదే చాలు, కానీ ఒక మాటంటూ ఉండాలి. మనం ‘షేమ్ షేమ్’ అని నవ్వి వదిలేస్తాం. సిగ్గుపడాల్సిన చోటు అని నేర్పాక, అక్కడ ఏదైనా జరిగితే పిల్ల సిగ్గుపడి దాస్తుంది. పేరు ఉంటే చెబుతుంది.

గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని స్కూళ్లలో చెబుతున్నారు, మంచిదే. కానీ ఆరేళ్లవాడికి చక్కిలిగిలి పెడితే నవ్వొస్తుంది, అది మంచిదో చెడ్డదో వాడెలా తేల్చుకుంటాడు? నేనైతే స్పర్శ ఎలా అనిపించిందన్నది పక్కన పెట్టి, ఒకే నియమం చెబుతాను: “డ్రాయర్ లోపల ఉండేది నీది. దాన్ని ఎవరూ చూడకూడదు, ముట్టుకోకూడదు, ఫొటో తీయకూడదు. వాళ్లది చూడమని, ముట్టుకోమని కూడా నిన్ను అడగకూడదు. డాక్టర్ చూడాలంటే అమ్మో నాన్నో పక్కన ఉండాలి. ఎవరైనా ఇది తప్పితే, వాళ్లు మనకు బాగా తెలిసినవాళ్లైనా సరే, నాకు చెప్పు.” ‘తెలిసినవాళ్లైనా’ అన్నది వదలకండి. పోలీసు లెక్కల్లో ఇలాంటి కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు పిల్లకు ముందే తెలిసినవాళ్లే ఉంటున్నారు.

రహస్యాల గురించి కూడా చెప్పాలి. నాన్న పుట్టినరోజుకు కొన్న చొక్కా సంగతి నాన్నకు చెప్పకపోవడం సరదా. అది రెండు రోజుల్లో తెలిసిపోతుంది, అందరూ సంతోషిస్తారు. “అమ్మకు ఎప్పటికీ చెప్పకు, చెబితే నిన్ను కొడుతుంది” అని ఎవరైనా అన్నారంటే, అది ఆ రోజే అమ్మకు చెప్పాల్సిన సంగతి. తొమ్మిదేళ్ల పిల్లకు ఈ తేడా చక్కగా తెలుస్తుంది.

ఇంకో మాట చెబితే మీ చుట్టాలకు కోపం రావచ్చు. పండగలకు అందరూ చేరినప్పుడు, “మావయ్యకు ముద్దు పెట్టు”, “తాతయ్య ఒళ్లో కూర్చో” అని పిల్లల్ని తోస్తాం. పిల్ల వెనక్కి జంకితే “ఎంత పొగరో చూడు” అంటాం. వరసైనవాళ్లు “నా పెళ్లానివి కదే” అని చెయ్యి పట్టుకుని లాగుతుంటే పిల్ల ఏడుస్తున్నా అందరం నవ్వుతాం. చాలామంది మనసులో ఏ చెడూ ఉండదు, నిజమే. కానీ తనకు ఇష్టం లేదన్నా పెద్దవాళ్లు వినరని, ఏడిస్తే నవ్వుతారని ఆ పిల్ల ఆ పూట నేర్చుకుంటుంది. అందరి ముందూ వద్దంటే వినని ఇంట్లో, ఎవరూ లేని చోట వద్దనడానికి ఆ పిల్లకు ధైర్యం ఎక్కడిది? నమస్కారం పెడితే చాలు, మర్యాద తగ్గదు. మీ పాప జంకితే “దానికి ఇష్టం లేదట బాబాయ్, వదిలేయండి” అని మీరే అనండి. పిల్ల వింటుండగా అనండి.

ఇప్పుడు ఇల్లు. నాలుగింటి నుంచి ఆరున్నర దాకా తొమ్మిదేళ్ల పిల్ల, ఆరేళ్ల పిల్లాడు ఒంటరిగా ఉండటం నాకు సమ్మతం కాదు. మీ ఇబ్బంది తెలియక అనడం లేదు. తన్ను తాను చూసుకోవడమే తొమ్మిదేళ్లకు పెద్ద పని, దాని మీద తమ్ముణ్ణి కూడా పెట్టాం. వాడికి దెబ్బ తగిలితే తప్పు తనదని ఆ పిల్ల జన్మంతా అనుకుంటుంది. కింద ఇంటివాళ్లావిడతో మాట్లాడండి. మొహమాటంగా అడగకుండా, నెలకింత అని ఇచ్చి అడగండి. వాళ్లింట్లో వరండాలో కూర్చుని హోంవర్క్ చేసుకున్నా చాలు. లేదా ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి ఒకావిడను పెట్టుకోండి. ట్యూషన్ డబ్బు ఎలాగూ మిగులుతుంది. ఎవరిని పెట్టుకున్నా, అప్పుడప్పుడు మీరో మీవారో చెప్పాపెట్టకుండా ముందే ఇంటికి రండి.

ఆ ఏర్పాటు కుదిరేదాకా, కుదిరాక కూడా, తలుపు సంగతి నేర్పాల్సిందే. “తలుపు తీయకు” అని నూరుసార్లు చెప్పినా ఆరేళ్లవాడికి బెల్లు మోగగానే కాళ్లు పరిగెడతాయి. వాడికి మాట కాకుండా ఆట కావాలి. ఆదివారం మీవారిని బయట నిలబెట్టండి. ఒకసారి గ్యాస్ మనిషి, ఒకసారి కొరియర్, ఒకసారి “మీ నాన్నకు యాక్సిడెంట్ అయింది, అర్జెంటుగా రమ్మన్నారు” అనే అంకుల్. మూడోది తప్పకుండా ఆడించండి. పెద్దవాళ్లు కూడా కంగారుపడి తలుపు తీసే మాట అది. లోపల్నుంచి పిల్లలు ఏం చేయాలి? గ్రిల్ గడియ తీయకుండా, “అమ్మ స్నానం చేస్తోంది, తర్వాత రండి” అనాలి. వెంటనే మీకు ఫోన్ చేయాలి. నాలుగు ఆదివారాలు ఆడితే వాళ్లకు అలవాటవుతుంది. బాబు మధ్యలో తలుపు తీసేస్తే తిట్టకండి, మళ్లీ ఆడండి.

దానితోపాటు ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక గుర్తుమాట పెట్టుకోండి. పిల్లలనే ఎంచుకోమనండి, పనసకాయో, పిచ్చుకో, వాళ్లిష్టం. ఎవరైనా స్కూలు దగ్గరికో ఇంటికో వచ్చి “అమ్మ తీసుకురమ్మంది” అంటే ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే వెనక్కి తిరిగి లోపలికి పరుగే. ఒకసారి బయటివాళ్లకు చెప్పాక ఆ మాట మార్చేయండి.

ఫోన్ నంబర్లు. మీ పిల్లలకు మీ నంబరు నోటికి వచ్చా? ఈ రోజే అడిగి చూడండి. ఫోన్‌లో ‘అమ్మ’ అని నొక్కడం వస్తుంది గాని పది అంకెలూ చాలామంది పిల్లలకు రావు. ఒక రాగం కట్టి పాడిస్తే ఆరేళ్లవాడికి వారంలో వచ్చేస్తుంది. ఇంట్లో ఒక పాత బటన్ల ఫోన్ చార్జింగ్‌లో ఉంచండి, లాక్ లేకుండా. దాని మీద 112 కొట్టడం, ఇంటి నంబరు, వీధి పేరు చెప్పడం ఆటలోనే నేర్పండి.

గ్యాస్ మనిషి గురించి బెంగపడ్డారు, గ్యాస్ గురించి కూడా ఒక మాట. ఉదయం వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ కట్టేసి వెళ్లండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసన రావాలనే అందులో కంపు మందు కలుపుతారు. వాసన వస్తే పిల్లలు చేయాల్సింది ఒక్కటే, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా ఇద్దరూ బయటికి వచ్చేయడం. ఫ్యాన్ వేయకూడదు, తిరుగుతున్న ఫ్యాన్ ఆపకూడదు. కిటికీలు తీయడం, 1906కి ఫోన్ చేయడం పెద్దవాళ్ల పని, ఫోన్ కూడా బయటికి వచ్చాకే. చలికాలంలో బకెట్లో వేసే హీటర్ రాడ్ పిల్లలు ఉన్నంతసేపు బీరువాలో ఉండాలి. యాసిడ్, ఫినాయిల్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టే అలవాటు మీకుంటే ఇవాళే మానండి. సంపు మూత మీద ఏదైనా బరువు ఉందో లేదో చూడండి. చెయ్యి కాలితే కొళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టాలని పాపకు చెప్పండి. పేస్టు, సిరా రాయకూడదు.

బయట విషయంలో తెనాలి పిల్లలకు మొదట చెప్పాల్సింది కాలవ గురించి. మూడు కాలవల ఊరు మీది. నీళ్లు వదిలినప్పుడు పైకి నెమ్మదిగా కనబడినా అడుగున లాగేస్తుంది. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది, లాకుల దగ్గర సుడి ఉంటుంది. పెద్దవాళ్లు లేకుండా గట్టు దిగకూడదు, చెప్పు కొట్టుకుపోయినా, బంతి పడినా. పేపర్లో ఇద్దరు పిల్లలు, ముగ్గురు పిల్లలు అని ఒకేసారి చదువుతాం కదా, ఒకడు జారితే వాణ్ణి లాగబోయి రెండోవాడు, మూడోవాడు దిగడం వల్లే అలా జరుగుతుంది. స్నేహితుడు మునుగుతుంటే నీళ్లలోకి దిగకూడదని పిల్లలకు చెప్పడం మనసుకు కష్టమే. అయినా చెప్పాలి. గట్టు మీద బోర్లా పడుకుని కర్రో చున్నీయో అందించు, ఖాళీ క్యాన్ విసురు, గొంతు పగిలేలా కేకలు వెయ్యి, దిగకు. వేసవిలో ఈత నేర్పే చోటు దగ్గర్లో ఉంటే ఇద్దర్నీ చేర్పించండి. లెక్కల ట్యూషన్ కంటే ముందు నేర్పించాల్సిన చదువు అది.

కుక్కలు. పరిగెత్తితే తరుముతాయి. చేతులు ఒంటికి ఆనించి, కదలకుండా, దాని కళ్లలోకి చూడకుండా నిలబడాలి. కరిచినా, గీరినా, చిన్న గాటైనా ఆ రోజే ఇంట్లో చెప్పాలి. “ఆ వీధికి వెళ్లొద్దన్నానా” అని తిడతారని పిల్లలు కుక్కకాటు దాచేస్తారు. రేబిస్ ముదిరాక డాక్టర్లు చేయగలిగేది ఏమీ ఉండదు, ముందే టీకా వేయిస్తే పిల్ల దక్కుతుంది. తిట్లకు భయపడి దాచిన గాటు ప్రాణం తీస్తుంది. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. టీకా అన్ని డోసులూ పూర్తి చేయించండి. మధ్యలో ఆపకండి.

దారి తప్పడం గురించి. కోటప్పకొండ తిరునాళ్లకో, విజయవాడ ఎగ్జిబిషన్‌కో వెళ్లే ముందు ఇద్దరికీ ముంజేతి మీద మీ నంబరు పెన్నుతో రాయండి. బయలుదేరేటప్పుడు ఒక ఫొటో తీయండి, ఏ రంగు చొక్కా వేశారో కంగారులో గుర్తు రాదు. తప్పిపోతే తిరగకుండా ఉన్నచోటే నిలబడాలి. ఎవరూ రాకపోతే దుకాణంలో కూర్చున్నవాళ్లనో, చంటిపిల్లతో ఉన్న ఆంటీనో, పోలీసునో అడగాలి. ఇక్కడ మనం చేసే పెద్ద హాని ఒకటుంది. అన్నం తినకపోతే “పోలీసులకు పట్టిస్తా”, పడుకోకపోతే “బూచోడు ఎత్తుకుపోతాడు” అంటాం. అలా పెరిగిన పిల్ల తప్పిపోయిన రోజు పోలీసును చూసి దాక్కుంటుంది. మాసిన బట్టల మనిషిని చూసి భయపడుతుంది, నీటుగా ఉన్నవాడు చాక్లెట్ ఇస్తే తీసుకుంటుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లు నమ్మి మన రెండు రాష్ట్రాల్లోనూ జనం అమాయకులను కొట్టారు. మనుషుల రూపం చూసి భయపడటం పిల్లలకు నేర్పకండి. ఆ మనిషి ఏం అడుగుతున్నాడో చూడమనండి. పెద్దవాళ్లకు సాయం కావాలంటే పెద్దవాళ్లను అడుగుతారు. “అడ్రస్ చూపించు, బండెక్కు”, “కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుకుదాం రా” అని పిల్లల్ని అడిగేవాడికి దూరంగా జరగాలి, అరవాలి. అరవడం కూడా ప్రాక్టీస్ చేయించండి. గట్టిగా మాట్లాడకూడదని ఇన్నేళ్లూ మనమే నేర్పాం, ముఖ్యంగా ఆడపిల్లలకు. మేడ మీదికి తీసుకెళ్లి, “ఈయన మా నాన్న కాదు!” అని వీధంతా వినబడేలా అరిపించండి. ఉత్తి “అమ్మా” అని ఏడిస్తే మారాం చేస్తోందనుకుని జనం పట్టించుకోరు.

స్కూలు ఆటో దిగాక అది కదిలి వెళ్లేదాకా రోడ్డు దాటకూడదు. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడే వైపు నడవాలి. స్కూటీ మీద కూర్చోబెడితే ఇద్దరికీ హెల్మెట్, నాలుగేళ్లు దాటినవాళ్లందరికీ చట్టమే పెట్టమంటోంది.

ఫోన్‌లో ఆటలు ఆడుతుంటే, అవతల ఆడేది ఎవరో తెలియని ఆటలు తీసేయండి. ఫొటో పంపమని ఎవరడిగినా పంపకూడదు. పొరపాటున పంపినా ఇంట్లో చెప్పాలి. అది కూడా చెప్పగానే ఫోన్ లాక్కుంటే ఇంకోసారి చెప్పరు. బెదిరింపులు వస్తే సైబర్ నేరాల కోసం 1930 నంబరు ఉంది.

ఇన్ని ఒక్కరోజు చెప్పేయకండి. వారానికి ఒక్కటి, అదీ కాలవ గట్టున నడుస్తూ కాలవ గురించి, తలుపు దగ్గర తలుపు గురించి. ఈ వారం ట్యూషన్ సంగతి, మీ ఫోన్ నంబరు. వచ్చే వారం తలుపు ఆట. మిగతావి మెల్లగా.

వేసవి సెలవులకు పిల్లలు రేపల్లె వెళతారనుకుంటాను. అక్కడ బోరు మోటారు, చేపల చెరువు, పొలానికి కొట్టే మందు డబ్బాలు, తలుపులు వేయని ఇళ్లు, రోజంతా వచ్చిపోయే మనుషులు. ఇంట్లో మీరు నేర్పింది అక్కడా చెల్లాలంటే మీ అత్తగారు మీతో కలవాలి. ఆవిడకు చట్టాలూ లెక్కలూ వద్దు. “అత్తయ్యా, పిల్లలు ఎవరి దగ్గరకైనా వెళ్లనంటే బలవంతం చేయకండి, నాకు ఒక ఫోన్ చేయండి. రాత్రి మీ పక్కనే పడుకోబెట్టుకోండి” అని ఈ రెండే అడగండి. మనవల క్షేమం కోసమంటే ఏ నాయనమ్మా కాదనదు. ఆ మాట కోడలిగా మీరు చెబితే వంక పెట్టినట్టు అనిపిస్తుందని సందేహమైతే, మీవారిని చెప్పమనండి. మీ ఉత్తరంలో ఆయన ప్రస్తావన ఒక్క వాక్యమే ఉంది, విజయవాడలో ఉద్యోగం అని. తలుపు బయట నిలబడి బెల్లు కొట్టే పని, వాళ్లమ్మతో మాట్లాడే పని, నెలలో రెండు మూడు రోజులు ముందే ఇంటికి వచ్చే పని ఆయనకు అప్పజెప్పండి. ఈ జవాబు కూడా ముందు ఆయనకే చదవడానికి ఇవ్వండి.